ఒంటి చేత్తో తొడుక్కునే చొక్కా

పడిపోయిన చెయ్యి ముందు, బాగున్న చెయ్యి తర్వాత. చొక్కా తొడిగేటప్పుడు ఈ వరస తెలియక మొదటి నెలంతా ఆమె అత్తగారిని ఏడిపించింది, తనూ ఏడ్చింది.

అత్తగారికి పక్షవాతం వచ్చేనాటికి ఆమె ఒక బట్టల దుకాణంలో కత్తిరింపు పని చేసేది. "కుట్టు ఎక్కడైనా కుట్టుకోవచ్చు కదా" అన్నాడు భర్త. ఎనిమిదేళ్ల ఉద్యోగం ఆ ఒక్క మాటతో అటకెక్కింది. ఆ తర్వాత ఆడపడుచు ఫోన్లో "అదృష్టవంతురాలివి వదినా, హాయిగా ఇంటిపట్టున ఉంటున్నావు" అన్నప్పుడు, చేతిలో ఉన్న తడి దుప్పటిని ఆమె కాస్త గట్టిగానే పిండింది.

కానీ చేతులు ఊరుకోవు కదా. చీర కట్టడం కుదరక అత్తగారికి వేస్తున్న చొక్కా గుండీలు పీకేసి, లోపల అతుక్కునే పట్టీలు కుట్టింది. భుజం దగ్గర కోత మార్చింది. ఆ కొలతలన్నీ ఒక బ్లాగులో రాసిపెట్టడం మొదలెట్టింది. ఏడాదిన్నర గడిచినా రోజుకు పదకొండుసార్లే చూసేవారు. అందులో మూడుసార్లు చూసింది తనే.

"మీ రాతలో తప్పేం లేదక్కా" అంది వారానికి రెండుసార్లు వచ్చి అత్తగారికి కసరత్తు చేయించే ఫిజియోథెరపీ అమ్మాయి. "మంచాన పడ్డ మనిషిని చూసుకునేవాళ్లకి అంత చదివే తీరికేది? బొమ్మలతో వెతుక్కునే యాప్ ఉందిగా, అందులో పెట్టండి. బొమ్మ నొక్కితే తిన్నగా మీ బ్లాగుకే వస్తారు."

చొక్కాను కొక్కేనికి తగిలించి నిలువుగా ఫోటో తీసింది. 'ఒంటి చేత్తో తొడుక్కునే చొక్కా' అని మీద పెద్ద అక్షరాలతో రాసింది. అలాంటివి ఇరవై పెట్టింది. వచ్చినవాళ్లు రోజుకు నలభైమంది దాటలేదు.

మంచం మీంచి ఇదంతా చూస్తున్న అత్తగారు మాట కూడగట్టుకుని అంది. "ఖాళీ చొక్కా... ఎవరిక్కావాలే? నా చెయ్యి... తియ్యి."

"మీ చెయ్యా అత్తయ్యా? అందరూ చూస్తారు."

"చూడనీ."

కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టింది. ముడుచుకుపోయిన కుడిచెయ్యి ఒళ్లో ఉంది. ఎడమచెయ్యి ఒక్కో పట్టీనీ నొక్కుకుంటూ పైకి పోయింది. ఐదు దశలు, ఐదు ఫోటోలు. మూడోది సరిగ్గా రాలేదని అత్తగారే మళ్లీ తీయించింది.

రెండు వారాల తర్వాత ఒక్కరోజులో మూడువేల రెండువందల మంది వచ్చారు. ఎవరో రాశారు: "ఎనిమిది నెలల తర్వాత ఇవాళ మా అమ్మ తన చొక్కా తనే తొడుక్కుంది. నన్ను గదిలోంచి బయటికి పొమ్మంది!" ఆమె ఆ మాటల్ని అత్తగారికి రెండుసార్లు చదివి వినిపించింది. నవ్వితే అత్తగారి మూతి ఒకపక్కకే కదిలింది, కానీ కళ్లు రెండూ నవ్వాయి.

ఆ శనివారం ఆఫీసు నుంచి వస్తూనే భర్త ఫోను బల్లమీద పెట్టాడు. "మా ఆఫీసులో ఎవరో చూపించారు. వేలికున్న ఉంగరం చూసి గుర్తుపట్టాను. అమ్మ అవిటితనాన్ని ఊరంతా చాటింపు వేస్తావా? తీసెయ్."

ఆమె తన ఫోను తెరిచింది. తీసేద్దామని వేలు ఆ బొమ్మ దాకా వెళ్లింది. ఒకవేళ తప్పే చేశానా అనిపించింది. బయటివాళ్లకి చూపించే ముందు ఇతన్ని అడగాల్సిందేమో!

"ఒరేయ్." లోపలి గదిలోంచి పిలుపు. ఇద్దరూ వెళ్లారు. "చెయ్యి... ఎవరిదిరా?"

"అది కాదమ్మా..."

"నాదా, నీదా?"

ఆమె వేలు మెల్లగా వెనక్కి వచ్చింది. ఇన్నాళ్లూ ఈ చేతిని ఎత్తింది, కడిగింది, తుడిచింది తను. అడగాల్సిన మనిషినే అడిగింది, ఆ మనిషే ఇచ్చింది. ఇక అడగాల్సింది వేరే ఉంది.

"ఏమండీ" అంది ప్రశాంతంగా. "వచ్చే వారం నుంచి రోజూ పొద్దున రెండు గంటలు నేను కుట్టుకోవాలి, రాసుకోవాలి. ఆ రెండు గంటలూ అత్తయ్య కసరత్తు, టిఫిను మీరు చూడండి."

"నాకవన్నీ ఎలా వస్తాయి?"

"మూడువేల మంది నేర్చుకుంటున్నారు. బొమ్మలు కూడా ఉన్నాయి" అంటూ బల్లమీదున్న అతని ఫోను తెచ్చి అతని చేతికే ఇచ్చింది.