మోసినవాళ్లే ముందు వినాలి

షువైఖ్ గోదాము నుంచి సల్వాలోని ఒక అరబ్బుల ఇంటికి పియానో చేరేసరికి పొద్దున పదకొండు దాటింది. కాళ్లు ఊడదీసి, దుప్పట్లు చుట్టి, పక్కకు తిప్పి చెక్కబల్లకు కట్టినా మూడు వందల కిలోలకు తగ్గదు. దాన్ని మేడమీదికి ఎక్కించాల్సింది చిన్నపుల్లయ్య, అతనితో వచ్చిన ముగ్గురు కూలీలు. చిన్నపుల్లయ్యది కడప జిల్లా. ఇరవై రెండేళ్లుగా బరువులెత్తడమే పని. లారీ నడిపే రాజాది కోనసీమ. ఇంగ్లీషు వచ్చు గనక మాటలన్నీ అతని ద్వారానే.

మెట్ల మలుపులో పియానో ఇరుక్కుంది. ముందుకు రాదు, వెనక్కి పోదు. కింద పట్టుకున్నవాడు మోకాలు అడ్డంపెట్టి బల్లను ఆపుతున్నాడు.

"ఖలాస్, ఇక చాలు, దించేయండి. రేపు క్రేన్ పిలిపిస్తాను," అంది ఇంటావిడ.

ఆమె కూతురికి పాఠాలు చెప్పే లోరెట్టా అనే అమెరికన్ పియానిస్టు పైనుంచి చూస్తోంది. అరవై దాటిన పొడగరి. చెప్పులు విడిచి మెట్లు దిగి వచ్చింది.

"దించొద్దంటున్నారండి," అన్నాడు రాజా. "సన్నటి కొస పైకొచ్చేలా నిలువునా నిలబెట్టి తిప్పమంటున్నారు."

"మోసేదాని సంగతి ఆయమ్మకేం తెల్సప్పా?" అన్నాడు చిన్నపుల్లయ్య.

రాజా ఆ మాటను మెత్తబరిచి చెప్పబోయాడు. అక్కర్లేకపోయింది. గొంతు తీరుతోనే అర్థమై ఆమె నవ్వి తన భుజం తట్టుకుంటూ ఏదో చెప్పింది.

"వాళ్ల నాన్నగారు క్లీవ్‌లాండ్ అనే ఊళ్లో పియానోలు మోసే కూలీ అంటండి. నలభై ఏళ్లు అదే పనంట."

చిన్నపుల్లయ్య కాస్త జరిగి తన పక్కన చోటిచ్చాడు. ఆమె చున్నీలాంటి గుడ్డను నడుముకు బిగించి, బల్ల కింద భుజం ఆనించింది. "యల్లా, ఎత్తండప్పా" అన్నాడతను. అయిదుగురూ ఒక్క ఊపున లేపారు. పియానో నిటారుగా లేచి, మలుపు తిరిగి, పైమెట్టు మీద ఆనింది.

పియానోకు కాళ్లు బిగించి కూలీలు వెళ్లబోతే లోరెట్టా ఆగమంది. ఇంటావిడనూ కూతురినీ కూర్చోమని, ఈ నలుగురికీ పియానో పక్కనే కుర్చీలు వేయించింది.

"ఆవిడ చెప్పేదేంటంటే," అన్నాడు రాజా, "వాళ్ల నాన్న పియానో దింపగానే ఇళ్లవాళ్లు తలుపేసేసుకునేవారంట. మోసినవాటిలో ఒక్కటి కూడా ఆయన విన్లేదంట. వీళ్లింట్లోనేమో పియానో లేదు. వాళ్లమ్మ చర్చి ఊడ్చేదంట. ఊడ్చినంతసేపు అక్కడున్న పాత పియానో మీద ఈవిడ నేర్చుకునేదంటండి. మొదటి పెద్ద కచేరీకి నాన్ననీ, ఆయనతో మోసే ముగ్గుర్నీ ముందు వరసలో కూర్చోబెట్టిందంట. అప్పట్నించీ ఆవిడ పద్ధతి, మోసినవాళ్లే ముందు వినాలంటండి."

చిన్నపుల్లయ్య చేతులు తువ్వాలుకు తుడుచుకున్నాడు. "వాళ్ల నాయనకు యా పాట ఇష్టమో అడుగప్పా."

అడిగితే ఆమె పకపకా నవ్వింది.

"ఏ పాటైనా సగంలోనే నిద్రపోయేవాడంటండి. ఆ కచేరీలోనూ నిద్రపోయాడంట. అంత కష్టం చేసినోడు తన పాటకి హాయిగా నిద్రపోయాడని ఈవిడకి ఇప్పటికీ గర్వమేనంట."

ప్రయాణంలో శ్రుతి కాస్త చెదిరిందని ముందే చెప్పి, ఆమె వాయించడం మొదలుపెట్టింది. ఇరవై రెండేళ్లలో ఎన్నో పెట్టెలు మోసినా, వాటి లోపల ఏముందో చిన్నపుల్లయ్యకు ఎవరూ చూపించలేదు. అతను మెల్లగా చెయ్యి చాచి పియానో చెక్క మీద అరచెయ్యి ఆనించాడు. అదురు మోచేతి దాకా పాకింది. ఆమె చూసింది, వద్దనలేదు. అదురు అతనికి ఇంకా తెలిసేలా ఎడమచేత్తో కింది స్వరాలను ఇంకాస్త గట్టిగా నొక్కింది.

సాయంత్రం అతను భార్య అంకాలమ్మకు ఫోన్ చేశాడు. "మోసేవాని బిడ్డ అట్ల వాయిస్తాంటే," అని ఆగి, "నాకు మూటలు మోసిన మా నాయన గుర్తొచ్చినాడు మే," అన్నాడు.

నెల తర్వాత లోరెట్టా పనిచేసే సంగీత పాఠశాలలో మూడు పియానోలను మరో చోటికి మార్చాల్సి వచ్చింది. ఆమె గోదాముకు ఫోన్ చేసి, పేరు కూడబలుక్కుంటూ, చిన్నపుల్లయ్యనే పంపమంది.