మునిచంద్ర మోకాలి కనెక్షన్

పొద్దున లేవగానే మునిచంద్ర చేసే మొదటి పని, పొట్ట చూసుకుని "ఛీ" అనడం. రెండోది, పొట్ట అడ్డమొచ్చి కనబడని కుడి మోకాలిని తలచుకుని ఇంకోసారి "ఛీ" అనడం. ఆ తరువాతే పళ్ళు తోముకుంటాడు. ఆయన్ని చూసి నవ్వే హక్కు ఈ కథ చెప్పేవాడికి కూడా లేదు. రెండంతస్తులు ఎక్కితే చాలు, ఎవరో ఫోన్ చేసినట్టు నటించి ఆగిపోయే రకం వీడు.

ఆ మోకాలు విరిగిన తీరులోనూ పరువు లేదు. కొండమెట్ల మీద పడివుంటే పుణ్యమైనా దక్కేది. చిత్తూరులో కొత్తగా తెరిచిన జిమ్ములో, ట్రెడ్‌మిల్ పట్టా మీద నడుస్తూ, పొట్ట కరిగే చిట్కా చెబుతున్న ఒక కుర్రవాడి రీలు చూస్తూ పడ్డాడు. మునిచంద్ర కింద పడి అరుస్తుంటే ఆ కుర్రవాడు సెల్లులోంచి "ఆగొద్దు, ఇంకా స్పీడు!" అంటూనే ఉన్నాడు.

పుత్తూరు కట్టు కట్టించుకున్నాడు. ఆకు పసరూ గుడ్డు సొనా కలిసి ఎండకు కొట్టిన వాసనకి ఇంట్లో పిల్లి ఆయన మంచం కింద పడుకోవడం మానేసింది. ఎముక మాత్రం చక్కగా అతుక్కుంది. "రోజూ వంచాలప్పా, లేకుంటే కట్టెబారిపోతాది" అని కట్టు విప్పినవాళ్ళు చెప్పి పంపారు. ఆయన వంచలేదు. నొప్పి కంటే రోతే ఎక్కువ. పాలిపోయి, పొట్టు రాలుతున్న ఆ కాలు ఎవరో తన మంచం మీద వదిలేసి పోయిన వస్తువులా ఉంది.

ఇంటికొచ్చి కసరత్తు చేయించే కృపామణి మొహమాటం లేని మనిషి. "అన్నా, ఈ నెలలో వంగకుంటే ఇంక ఎప్పుడూ వంగదు. బండి తోలలేవు. కింద కూసోలేవు. కక్కసుకు కూడా కుర్చీ కావాల్సిందే."

"అది కూడా చెప్పాల్నా?"

"చెప్పకుంటే నువ్వు వంచేటట్టు లేవే!"

భార్య లోకేశ్వరి అంతకు ముందే, ఆయన్ని అడక్కుండా మొక్కేసింది. కాలు బాగైతే అలిపిరి నుంచి నడిపిస్తానని, మోకాళ్ళ పర్వతం దగ్గర మోకాళ్ళ మీదే ఎక్కిస్తానని.

"మొక్కు నీది, మోకాళ్ళు నావీనా?"

"నావి బాగానే ఉండాయి కదయ్యా, వాటికెందుకు మొక్కేది?"

కృపామణి ఇంక మాటలు పెట్టుకోకుండా మడమ పట్టి నెట్టింది. మోకాలు వంగింది. వంగుతూ, టెలిఫోను తీగలో నెట్టు తెచ్చుకునే రోజుల్లో మోడెం అరిచినట్టు, కీచుమని, టింగుమని, కరకరమని అరిచింది. మునిచంద్ర పడుచుతనమంతా నెట్ సెంటర్ నడిపి ఆ అరుపుతోనే గడిపాడు. వెంటనే గుర్తుపట్టాడు.

"కొందరికి పటుక్కుమంటాది. నీకిట్లా" అని కృపామణి మళ్ళీ వంచింది.

గోడవతల నుంచి పక్కింటి తాయమ్మ కేక: "ఓ లోకేశ్వరీ! మీ ఆయన్ని కాలు దించమనమ్మా. ఫోన్లన్నీ ఎంగేజి!"

నిజమే. ఆ మోకాలు వంగినంతసేపూ వీధిలో సెల్లు మోగదు, రీలు కదలదు. కరెంటు కోతకు సర్దుకున్నట్టే వీధి దీనికీ సర్దుకుంది. వంచే వేళ కనుక్కుని, మాట్లాడాల్సినవి ముందే మాట్లాడుకునేవాళ్ళు.

గదిలో మూల నేల మీద నెట్ సెంటర్ నాటి పెట్టె మానిటరు ఉంది. లోకేశ్వరి దాని మీద ఊరగాయ జాడీ పెట్టుకుంది. తీగ యాడా తగిలించి లేదు. అయినా ఒకరోజు కృపామణి కాలు వంచుతుంటే వెలిగింది. తెర మీద సగం ఫోటో.

మునిచంద్ర మంచం మీద లేచి కూచున్నాడు. నెట్ సెంటర్ తెరిచిన కొత్తల్లో కండలు పెంచడం గురించి వెతుకుతుంటే దొరికిన ఫోటో అది. అప్పట్లో ఫోటో గీత గీతగా పైనుంచి దిగేది. జుట్టు వచ్చింది, మెడ వచ్చింది, పొంగిన భుజాలు, నరాలు తేలిన చేతులు వచ్చాయి. నడుము దగ్గరికొచ్చేసరికి కరెంటు పోయింది. ఆ తరువాత ఎంత వెతికినా దొరకలేదు. వచ్చినంతవరకే ప్రింటు తీసి గోడకు అంటించి, ఆ సగానికే కసరత్తు చేశాడు. పైన పహిల్వాను, కింద కొంగ. ఆ కొంగ కాళ్ళ మీదే ఇన్నేళ్ళూ ఈ పొట్టను మోశాడు.

ఇప్పుడు మోకాలు ముందుకంటే ఇంకాస్త ఎక్కువ వంచిన ప్రతిసారీ ఒక గీత దిగుతోంది. ముందు వంగినంతే వంచితే దిగదు. మునిచంద్ర కృపామణి రాకముందే మొదలెట్టేవాడు, పళ్ళు కొరుక్కుంటూ, చెమట కంపుకి తన్ను తానే తిట్టుకుంటూ.

"ఎవురయ్యా వాడు?" అంది లోకేశ్వరి.

"నా గురువు."

"గురువుకు నిక్కరుండాదో లేదో ముందే చూసుకో. నలుగురూ వచ్చిపోయే ఇల్లు."

నిక్కరుంది. దాని తరువాత చేతులు పూర్తిగా కనబడ్డాయి. అవి రెండు పక్కలా ఇనుప కమ్ములను పట్టుకుని ఉన్నాయి. ఆ భుజాలు పొంగింది చూపించుకోవడానికి కాదు, పడిపోకుండా ఉండటానికి. తొడలు ఎండు పుల్లలు. ఒక కాలికి తోలు పట్టీలు. అట్టడుగున సన్నని ఇంగ్లీషు అక్షరాలు. చదవడానికి మునిచంద్ర తెర దగ్గరికి వంగాడు, ఇంకా వంగాడు. "ప్రమాదం తరువాత నేను మొదటిసారి నిలబడిన రోజు" అని ఉంది.

"ఛీ" అనబోయాడు. ఎవరిని అనాలో తెలియలేదు.

"అన్నా, కదలొద్దు" అంది గుమ్మంలోంచి కృపామణి. "నీ కాళ్ళు సూడు."

ఆయన నేల మీద గొంతుకూచుని ఉన్నాడు. రెండు మోకాళ్ళూ పూర్తిగా ముడుచుకుని ఉన్నాయి.

"సెయ్యియ్యనా?"

"వద్దు."

లేచాడు. మానిటరు ఆరిపోయింది. వీధిలో ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి.

అలిపిరిలో మొదటి మెట్టు మీద కాలు పెట్టి మునిచంద్ర చెవి ఒగ్గాడు. మోకాలు పటుక్కుమంది, అంతే.

"ఛీ, కనెక్షన్ పోయింది మే."

"పోతే పోనీ. ఎక్కు" అంది లోకేశ్వరి.

పక్కనున్న ఇనుప కమ్మిని, ఆ ఫోటోలో మనిషి పట్టుకున్నట్టే గట్టిగా పట్టుకుని, ఆయన రెండో మెట్టు ఎక్కాడు.