ఎడమచేతి ముడి

మా అక్క జ్యోతిది ఎడమచేతి వాటం. అన్నం ఒక్కటే కుడిచేత్తో తినేది, అదీ అమ్మ తిట్టీ కొట్టీ నేర్పితే. తను వేసిన ముడి అందరి ముడికీ తిరగేసి ఉండేది. అక్కను పోయిన వానాకాలం డెంగీ మింగేసింది.

గోపన్‌పల్లి అపార్ట్‌మెంట్ల వెనక పాత క్వారీ ఉంది. రెండు రాతిగోడలు, మధ్యలో ఇరుకు లోయ. బావ గిరీష్, అక్క, నేను సెలవు రోజు పొద్దున్నే తాళ్లు కట్టుకుని ఆ గోడలు ఎక్కేవాళ్లం. చలికాలంలో ఎడమ గోడ మీది అరలో గుడ్లగూబ గుడ్లు పెడుతుంది. పిల్లలు ఎగిరేదాకా ఆ గోడ బంద్. గుర్తుగా అక్క పాత చున్నీ చింపి, తాడు తగిలించేందుకు గోడలో దిగ్గొట్టిన మొదటి బోల్టుకు కట్టేది. అది ఉన్నన్నాళ్లూ ఆ గోడను ముట్టకూడదు. మా కట్టుబాటు అది.

ఈ ఏడు చలికాలం వచ్చేసరికి కట్టే మనిషే లేదు. బావేమో ఆ గోడే ఎక్కుతానని పట్టుబట్టాడు.

"పక్కన టవర్ కడుతున్నరు. గీ డ్రిల్లింగ్ మోతకు పిట్ట ఏడుంటది? నువ్వు తాడు పట్టు, చాలు."

నాకు ఒళ్లు మండింది. అక్క పోయినప్పటి నుంచి ఈ మనిషికి ప్రాణమంటే లెక్కలేదు. హెల్మెట్ కూడా నేను తిడితేనే పెట్టుకుంటాడు. ఇంట్లో ఒకరు పోయింది చాలదా?

బావ నడుముకున్న హార్నెస్ పట్టీలోకి తాడు దూర్చి ముడి వేసుకుంటూ సగంలో ఆగిపోయాడు. మొదటి బోల్టుకు నీలం చున్నీ ముక్క వేలాడుతోంది. ఆ చున్నీ అక్క బీరువాలో ఉండాలి, తాళంచెవి బావ దగ్గరే ఉంటుంది. ముక్కకున్న ముడి తిరగేసి ఉంది.

"ఏంది గిది అనూషా? నాతోని పరాచికాలా?"

"నేను కట్టలే బావా. అక్క మీదొట్టు."

"మరెవరు కట్టిన్రు? దయ్యమా?"

బండ ఎక్కి, దాన్ని విప్పి జేబులో కుక్కుకున్నాడు.

"వద్దు బావా, పోదాం పా. నాకు భయమైతాంది."

"భయమైతే ఇంటికి పో. నువ్వు తాడు పట్టకున్నా ఎక్కుత."

అంత మాటన్నాక ఏం చేస్తాను? తాడును నా హార్నెస్‌కు తగిలించుకుని కింద పట్టుకున్నాను. ఎక్కేముందు ఒకరి ముడి ఒకరం చూసుకోవాలి, ఎన్నడూ తప్పలేదు. ఆ రోజు కోపంలో చూడలేదు.

అతను ఒక్కో బోల్టుకూ తాడు తగిలిస్తూ సగం గోడ ఎక్కాక కనిపించింది. తాడు కొస తొడ పక్కన వదులుగా ఊగుతోంది. ముడి సగమే వేశాడు! పట్టు తప్పితే తాడు ఊడుతుంది, మనిషి నేరుగా రాళ్ల మీదికొస్తాడు.

"బావా! ముడి! ముడి చూస్కో!"

గొంతు పగిలేలా అరిచాను. డ్రిల్లింగ్ మోతలో నా మాట నాకే వినపడలేదు. బావ అర అంచు పట్టుకున్నాడు.

అప్పుడు డ్రిల్లింగ్ ఆగింది. లోయంతా చప్పుడు లేదు. అరలోంచి బుస్సుమన్న శబ్దం, రెండు నారింజ కళ్లు. అంతలోనే పెద్ద రెక్కలు బావ ముఖాన్ని కప్పేశాయి. అతను చేతులు వదిలేశాడు.

"అక్కా!" అని కళ్లు మూసుకున్నాను.

తాడు బిగిసి నన్ను నేల మీంచి లేపింది. కళ్లు తెరిస్తే బావ గాల్లో వేలాడుతున్నాడు. మెల్లగా కిందికి దించాను. చెంప మీద రక్తం.

"పిల్లలున్నయి అనూషా, దూది లెక్క," అన్నాడు.

"నీ ముడి బావా..."

ఇద్దరం చూశాం. ముడి పూర్తిగా, గట్టిగా బిగిసి ఉంది. తిరగేసి ఉంది.

అక్క పోయిన రోజు కూడా ఏడవని మనిషి, ఆ ముడిని రెండు చేతులా పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. దాన్ని విప్పడానికి ఇద్దరికీ చేతులు రాలేదు. హార్నెస్‌ను తాడుతో సహా అలాగే ఇంటికి తెచ్చాం. నీలం ముక్కను మాత్రం మళ్లీ బోల్టుకు కట్టి వచ్చాను.

తరవాతి వారం కుడి గోడ ఎక్కాం. కొత్త తాడు కట్టుకున్న బావ, గోడను ముట్టుకోకముందే తనంతట తాను నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"జర ముడి చూడు అనూషా," అన్నాడు.