కుర్చీ మీది గుడ్డ

చిక్కడపల్లి బస్తీలో రేకుల కప్పు కింద నడిచే ఆ ప్రార్థన మందిరానికి చీపురు పట్టేదీ చాపలు పరిచేదీ కురుమమ్మే. వారంలో ఆరు రోజులు అశోక్ నగర్‌లో కోచింగ్ సెంటర్ల కోసం లేస్తున్న బిల్డింగుల దగ్గర ఇటుకల తట్ట మోస్తుంది. ఏడో రోజు పొద్దున్నే మందిరానికి వస్తుంది.

2012లో పాస్టరు దేవసహాయం అయ్యగారు చనిపోయాక, ఆయన చెక్క కుర్చీకి దుమ్ము పట్టకూడదని తెల్లగుడ్డ కప్పింది కూడా ఆమే. అక్కడే పొరపాటు జరిగింది. మరుసటి వారం ఎవరో దానికి పూలదండ వేశారు. మనవడికి జ్వరమొస్తే కురుమమ్మ వాడి అంగీ తెచ్చి కుర్చీలో పెట్టింది. జ్వరం తగ్గింది, కుర్చీ వల్లేనని అందరికీ చెప్పింది. మూడు రోజులు మాత్రలు కూడా వేశామని ఆమె చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టేయమనే జనమాయె. ఏడాది తిరిగేసరికి కుర్చీ ముందు కొవ్వొత్తులు, నూనె సీసాలు. ఊళ్లో దేవుళ్లను వదిలి వచ్చామని గొప్పలు చెప్పుకునే మనుషులు నాలుగు కాళ్ల చెక్కను తాకి కళ్లకద్దుకుంటున్నారు.

ఆ ఏడాది ఆగస్టు మొదటి ఆదివారం ప్రభువు బల్ల. నెలకొక్కసారి అందే ఆ రొట్టె ముక్క, ఆ గుక్కెడు ద్రాక్షరసం కోసమే కురుమమ్మ మిగతా నెలంతా ఎదురుచూస్తుంది. బల్ల ఆపేశారంటే సంఘంలోంచి వెలేసినట్టే. ఆ రోజు తనతోపాటు తట్ట మోసే సుబ్బులును మొదటిసారి వెంటబెట్టుకొచ్చింది. సుబ్బులుకు ఎనిమిదో నెల. చాప మీద కూర్చున్న కాసేపటికే నడుము పట్టేసి, మొహమంతా చెమటలు పట్టాయి. ఉన్న నాలుగు ప్లాస్టిక్ కుర్చీల్లో పెద్దమనుషులు బైబిళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఒక్కడూ లేవలేదు. కురుమమ్మకు ఒళ్లు మండిపోయింది.

లేచి వెళ్లి దండ తీసి గోడ మేకుకు తగిలించింది. కొవ్వొత్తులు పక్కకు జరిపి కుర్చీ చెయ్యి పట్టుకుంది.

అయ్యగారు పోయాక మందిరాన్ని నడిపిస్తున్న సంఘపెద్ద ఆశన్న అడ్డం వచ్చాడు. "ఏం జేస్తున్నవ్ కురుమమ్మా? గది అయ్యగారి కుర్చీ."

"అయ్యగారు దీంట్ల ఎన్నడన్న కుదురుగ కూసున్నడా అన్నా? ఎవరొచ్చినా లేచి ఇచ్చి, తను సాప మీద కూసుంటుండె."

"దాంట్ల ఎవరినన్న కూసోబెట్టినవంటే నీకు బల్ల లేదు. తప్పు ఒప్పుకునేదాంక లేదు."

కురుమమ్మకు భయం లేదంటే అబద్ధమే. అయినా చెయ్యి వదల్లేదు.

"ఒప్పుకుంట అన్నా. గుడ్డ కప్పింది నేను. మనవని అంగీ పెట్టింది నేను. గోలీలతోని తగ్గిన జరాన్ని కుర్చీ తగ్గించిందని చెప్పింది నేను. గదే నా తప్పు. బొమ్మ చేసుకోవద్దని దేవుడు ఎందుకన్నడు? తన పోలిక మనిషిల పెట్టిండు గనక. అయ్యగారు లేచి కుర్చీ ఇస్తుంటే ఆ పోలికను కండ్లార చూసినం. ఇప్పుడు ఆ గుణాన్ని ఇడిసిపెట్టి కట్టెను పట్టుకున్నం."

గుడ్డ లాగేసింది. కుర్చీని ఈడ్చుకొచ్చి సుబ్బులును కూర్చోబెట్టి, ఆ గుడ్డనే నాలుగు మడతలు పెట్టి ఆమె నడుము వెనక దోపింది.

"నా వల్ల లొల్లి ఎందుకక్కా, నేను పోత," అంది సుబ్బులు.

"కూసో. నువ్ లేస్తే నేనూకోను."

రొట్టె పళ్లెం వచ్చింది. కురుమమ్మ చెయ్యి చాపింది. పళ్లెం పట్టుకున్న ఆశన్న ఆమెను దాటిపోయాడు. ఆమెకు కన్నీళ్లు వచ్చాయి, తుడుచుకోలేదు. పళ్లెం చివరి వరస దాటేదాకా చెయ్యి అలాగే చాపి ఉంచింది.

ప్రార్థన అయ్యాక ప్రతి వారంలాగే చాపలు చుట్టి, ఆశన్న ముందు నిలబడింది.

"వచ్చే నెల గూడ చెయ్యి సాపుత అన్నా. దాటిపోతే ఆ పై నెల సాపుత. కుర్చీ మాత్రం ఎవరికి నడుం నొస్తే వాళ్లదే."

మరుసటి ఆదివారం కురుమమ్మ అందరికంటే ముందొచ్చి, ఆ తెల్లగుడ్డను బకెట్లో ముంచి పిండి, దాంతోనే మందిరం నేలంతా తుడిచింది.