మధ్య కుర్చీ వెనక

ఆ ఇంట్లో చెవులు ఆమెవి, పేరు ఆయనది. పన్నెండేళ్లుగా ఇదే ఏర్పాటు. దీన్ని అన్యాయమని ఎవరూ అనలేదు. అననంత మాత్రాన అన్యాయం కాకుండా పోదు.

ఆయన ఒక మాసపత్రికలో ఖరీదైన స్టీరియోల గురించి రాసేవాడు. ఏ యాంప్లిఫయరు ఎలా పలుకుతుంది, ఏ స్పీకరుకి ఏ గది నప్పుతుంది, రెండిట్లో ఏది మేలు. చదివేవాళ్లు ఆయనకి 'బంగారు చెవి' అని పేరు పెట్టారు. అత్తగారు బతికున్నన్నాళ్లూ ఆ పేరు తలుచుకుని మురిసిపోయింది. "మావాడికి పుట్టుకతోనే చెవి. ఉయ్యాల్లో ఉన్నప్పుడే తలుపు చప్పుడైతే ఉలిక్కిపడేవాడు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. తలుపు చప్పుడుకి ఉలిక్కిపడని పసిబిడ్డ ఏ ఇంట్లో ఉంటుందని కోడలు అడగలేదు. అందరికీ కాఫీలు ఇచ్చి గ్లాసులు ఎత్తుకుపోయింది.

నిజమేమిటంటే ఆయనకి సన్నని స్వరాలు వినిపించవు. పన్నెండేళ్ల కిందట చెవుల డాక్టరు పరీక్ష చేసి కాగితం మీద గీత గీసి చూపించాడు. కొంత ఎత్తు దాకా బాగానే నడిచిన గీత అక్కడినుంచి బావిలో పడ్డట్టు కిందికి దిగిపోయింది. బయటికి రాగానే ఆయన అన్న మొదటి మాట "ఎవరికీ చెప్పకు." రెండో మాట ఆ వారమే వచ్చింది. "నువ్వు కాస్త నాతో వచ్చి కూర్చుని విను."

ఆమెకి వినటం కొత్త కాదు. పెళ్లికి ముందూ, పెళ్లయ్యాక నాలుగేళ్లూ మోటార్ల కర్మాగారంలో పనిచేసింది. స్క్రూడ్రైవరు మొన తిరుగుతున్న మోటారుకి ఆనించి, పిడి చెవి వెనక ఎముకకి ఆనించి వినేది. ఏ బేరింగు ఎన్నాళ్లకి అరుగుతుందో చెప్పేది. చెప్పింది తప్పిన రోజు లేదు. అక్కడా కాగితం మీద సంతకం సూపర్‌వైజరుదే. "మా ఆవిడ స్క్రూడ్రైవరు చెవిలో పెట్టుకునే ఉద్యోగం చేస్తుందని నలుగురిలో ఎలా చెప్పుకోను?" అని ఆయన ఆ పని మాన్పించాడు. మాన్పించినవాడే ఆ చెవిని తెచ్చి తన కుర్చీ వెనక నిలబెట్టుకున్నాడు. జీతం లేదు, సెలవు లేదు, సంతకం అసలే లేదు.

ఏటా ఒక పెద్ద హోటల్లో స్టీరియోల ప్రదర్శన జరిగేది. మూడు అంతస్తుల్లో గదులన్నిట్లోంచీ మంచాలు తీసేసి, కిటికీలకి మందపాటి తెరలు వేసి, తయారీదారులు ఎవరి సరంజామా వాళ్లు అమర్చుకునేవారు. ప్రతి గదిలోనూ స్పీకర్లకి సరిగ్గా ఎదురుగా ఒక కుర్చీ. శబ్దం ఏ వైపూ ఒరగకుండా వినిపించే చోటు అదొక్కటే. ఆయన గుమ్మంలోకి రాగానే ఆ కుర్చీలో ఎవరున్నా లేచి ఇచ్చేవారు. ఆమె ఆయన కోటు, చేతిసంచీ, గదిగదిలోనూ ఇచ్చే కాగితాల కట్టలు పట్టుకుని కుర్చీ వెనక నిలబడేది. ఒంగి, తల కుర్చీ ఎత్తుకి తెచ్చుకుని వినేది. నడుం నొప్పని ఇంటికొచ్చాక కూడా అనేది కాదు.

వాళ్ల ఆఫీసు లిఫ్టు. గదిలో ఆమె నోరెత్తకూడదు. లిఫ్టు తలుపు మూసుకోగానే ఆయన జేబులోంచి పుస్తకం తీసేవాడు. "ఊఁ, చెప్పు."

ఈసారి మొదటి గదిలో మనిషెత్తు నల్లటి పెట్టెలు. "డోలు మీద కొడితే తడి పరుపు మీద కొట్టినట్టుంది. దెబ్బ పడ్డాక చప్పుడు ఆగటంలేదు, లాగుతోంది" అంది. ఆయన 'కింది స్వరాల్లో పట్టు కొరవడింది' అని రాసుకున్నాడు. రెండోది బాకా మూతుల్లాంటి హారన్ స్పీకర్ల గది. "పాట మీదపడి కరుస్తోంది. స్టీలు గిన్నె అడుగు చెంచాతో గీకినట్టు పళ్లు జివ్వుమన్నాయి." 'పై స్వరాల్లో కొంత కాఠిన్యం' అని రాశాడు. ఆమె చెప్పింది ఒళ్లంతా విని చెప్పిన మాట. ఆయన రాసింది దానికి ఇస్త్రీ చేసిన చొక్కా. చొక్కానే అందరూ మెచ్చుకున్నారు.

మూడో గది తెల్లగడ్డాయనది. పాతకాలపు గాజుబుడ్ల వాల్వు యాంప్లిఫయర్లు తన చేత్తోనే కట్టుకుంటాడు, వాటికి తగ్గ స్పీకర్లూ తనే చేసుకుంటాడు. ఆ ఏడు అందరి నోటా ఆయన గదే. పదిమంది కూర్చుని ఉన్నారు, వెనక ఇంకో పదిమంది నిలబడ్డారు. ఒక స్త్రీ గొంతు, తోడుగా ఒక్క డోలు ఉన్న పాట పెట్టాడు. గాజుబుడ్లు ఎర్రగా వెలుగుతున్నాయి. అందరూ కళ్లు మూసుకున్నారు.

ఆమె మూసుకోలేదు. పాడే మనిషి ఎక్కడుందో వెతుక్కుంటోంది. గొంతు రెండు పెట్టెల నడుమ నిలబడాలి. ఇది కుడిగోడ నుంచి ఎడమగోడ దాకా పూత పూసినట్టు పరుచుకుంది. డోలుకి పొట్ట లేదు, ఉత్త తోలే వినబడుతోంది. కర్మాగారంలో మోటారులోని రెండు తీగచుట్లు ఒకదానికొకటి ఎదురు కలిపితే మోటారు ఇలాగే నీరసపడేది. ఒకటి తోస్తుంటే ఇంకొకటి లాగుతుంటుంది, ఉన్న బలం అంతా అక్కడికక్కడే చెల్లిపోతుంది. పాట అయ్యింది. తెల్లగడ్డాయన గదంతా కలయజూసి, "ఎలా ఉందో దాపరికం లేకుండా చెప్పండి" అన్నాడు. అందరి తలలూ మధ్య కుర్చీ వైపు తిరిగాయి. మధ్య కుర్చీ గొంతు సవరించుకుంటోంది. పన్నెండేళ్లలో మొదటిసారి లిఫ్టు బయట ఆమె నోరు జారింది.

"ఒక స్పీకరుకి తీగలు తారుమారుగా బిగించినట్టున్నారండీ."

గది ఘొల్లుమంది.

"అమ్మా, ఇది మిక్సీ ప్లగ్గు కాదు, ఎటు గుచ్చినా తిరగటానికి" అన్నాడు తెల్లగడ్డాయన. "ఈ తీగలు నా చేత్తో బిగించాను."

అందరికంటే గట్టిగా నవ్వినవాడు భర్తే. "ఏమీ అనుకోకండి. మిక్సీ చప్పుడే ఆవిడ కచేరీ." ఆ తర్వాత ఆమె వైపు తిరిగి, గొంతులో తేనె పోసుకుని, "ఇక్కడ ఉక్కగా ఉంది నీకు. కిందకెళ్లి కాఫీ తాగుతూ ఉండు" అన్నాడు.

ఆమె వెళ్లింది. ఆయన కోటుతో, సంచీతో, కాగితాల కట్టలతో వెళ్లింది. మెట్లు దిగుతుంటే ఒళ్లు మండిపోయింది. నవ్విన పరాయివాళ్ల మీద కాదు. వాళ్లకి తెలియదు, నవ్వారు. ఆయనకి తెలుసు. ఆ గదిలో ఆమె మాటని నమ్మి తీరాల్సిన మనిషి ఒక్కడే. పన్నెండేళ్లు నమ్ముకుని తిన్నాడు. ఆ ఒక్కడే అందర్నీ మించి నవ్వాడు. తెలియక నవ్వినవాణ్ణి క్షమించొచ్చు. తెలిసి నవ్వినవాణ్ణి ఏం చెయ్యాలి? లిఫ్టులో తను చెప్పిన మాటలన్నీ గుర్తొచ్చాయి. ఎన్ని వందలు! ఒక్కటీ మళ్లీ ఆమె దగ్గరికి తిరిగి రాలేదు. అచ్చయిన పత్రిక ఇంటికొస్తే దుమ్ము తుడిచి అలమారలో వరసగా పెట్టటం కూడా ఆమె పనే.

కింద హాల్లో నేల తుడిచే ఆవిడ బకెట్టు పక్కన పెట్టి ఆమెని ఎగాదిగా చూసింది.

"ఆ బరువంతా మీదేనామ్మా?"

"కాదు. మా ఆయనది."

"మరి మీరు మోస్తున్నారే." నవ్వి, కొంగుతో మొహం తుడుచుకుంది. "మూడు రోజులుగా ఈ పాటలు నెత్తిన పడుతున్నాయి. పైన గడ్డం ఆయన గదిలో ఆడమనిషి పాట ఉందే, అదొక్కటే బాగుండేది. పొద్దున తలుపు దగ్గర తుడుస్తుంటే ఎదురుగా నిలబడి పాడినట్టుంది. ఇప్పుడేంటో, ఆవిడ గోడల్లో దూరిపోయింది."

ఆమె ఆగి చూసింది. "ఎప్పటినుంచి?"

"మధ్యాహ్నం నుంచి. ఆ పెట్టెలు జరిపి కింద తుడవమన్నారు. వాళ్ల మనిషి తీగలు ఊడదీశాడు, నేను తుడిచాను, మళ్లీ బిగించాడు."

"నువ్వు వాళ్లకి చెప్పలేకపోయావా?"

"నన్నెవరడిగారమ్మా?"

ఆమెకి నవ్వొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది. రెండూ మింగేసింది.

అరగంటకి లిఫ్టులోంచి భర్త దిగాడు. వెనకే తెల్లగడ్డాయన, ఆయన వెనక మరో నలుగురు.

"సార్, ఒక్క నిమిషం. మీరు వెళ్లాక మనసొప్పక స్పీకర్ల వెనక్కి వెళ్లి చూశాను. ఎర్ర తీగ చోట నల్లది, నల్లదాని చోట ఎర్రది! నేను బిగించిందాన్ని మధ్యలో మా వాడు కెలికాడు. మారిస్తే పాట మళ్లీ నిలబడింది. ఇంకా చాలామంది వినటానికొస్తారు, పరువు దక్కింది."

భర్త ఆగాడు. ఒక ఊపిరి తీసి వదిలేంత సేపు ఆగాడు. ఆ కాస్త సేపట్లో ఆమె ఆశపడింది. ఇన్నేళ్ల కాపురంలో అంత సిగ్గుమాలిన ఆశ మరొకటి లేదు.

"నాకు కూర్చోగానే తెలిసింది" అన్నాడు. "అంతమంది ముందు నేనంటే మీకు చిన్నతనం. అందుకే మా ఆవిడ చేత అనిపించాను. ఆడవాళ్ల మాటైతే నవ్వులో కలిసిపోతుంది కదా."

తెల్లగడ్డాయన రెండు చేతులూ జోడించాడు. "ఎంత మంచి మనసు సార్ మీది!" తర్వాత ఆమె వైపు చూసి, "సార్ చెప్పమన్నది చక్కగా అప్పజెప్పారమ్మా" అన్నాడు. రేపు పొద్దున ముగింపు సభలో గదులన్నిటినీ పోల్చి ఆయనే మాట్లాడాలని, తయారీదారులందరూ ముందు వరసలో కూర్చుంటారని, ప్రశ్నలు కూడా అడుగుతారని గుర్తుచేసి వెళ్లాడు.

నేల తుడిచే ఆవిడ కర్ర మీద గడ్డం ఆనించి అంతా చూసింది. బకెట్టు తీసుకుని అవతలికి పోయింది.

ఇంటికొచ్చాక ఆయన చొక్కా మార్చుకుని భోజనాల బల్ల దగ్గర పుస్తకం తెరిచాడు. "కోపమా? ఏదో సందర్భానికి తగ్గట్టు అన్నాను. నువ్వంటే ఏంటి, నేనంటే ఏంటి. మనిద్దరిదీ ఒకటే కదా."

"ఒకటే అయితే రేపు సభలో నేను మాట్లాడతాను."

ఆయన నిజంగానే నవ్వాడు. "నువ్వా? ఏమంటావు, స్టీలు గిన్నె, తడి పరుపు అంటావా? జనం లేచి వెళ్లిపోతారు. సరే, కానీ. హారన్ల గదిలో రెండు పాటలు విన్నాం కదా, మొదటిదానికీ రెండోదానికీ తేడా ఏంటి?"

"బాగుంది."

"నల్ల పెట్టెలు?"

"బాగున్నాయి."

"గడ్డం ఆయనవి?"

"బాగున్నాయి."

"అన్నీ బాగుంటే పోలికేం చెప్పను నేను?"

"మీకు కూర్చోగానే తెలుస్తుందిగా."

కలం బల్ల మీద పెట్టాడు. మొదట విసుక్కున్నాడు. తర్వాత అరిచాడు. "నా తిండి తింటూ" అని మొదలుపెట్టి, ఆమె తలెత్తి చూసేసరికి ఆ వాక్యం పూర్తిచెయ్యలేదు. ఆ తర్వాత గొంతు మెత్తబరిచాడు. "అంతమంది ముందు నా పరువు నిలువునా తీసేస్తావా?"

ఆమె బల్ల తుడిచి, గుడ్డ పిండి, దండెం మీద ఆరేసింది. "నన్నడగొద్దు" అంది. "రేపటికే కాదు. ఇంకెప్పుడూ. మీ చెవి మీ దగ్గరుంది, నాది నా దగ్గరుంచుకుంటాను."

మర్నాడు ఆయన ఒక్కడే వెళ్లాడు. సభ మొదలయ్యే వేళకి ఫోన్ మోగింది. వెనక జనం గోల. గుసగుసగా అడిగాడు. "ఒక్క మాట. హారన్లా, వాల్వులా? ఒక్క మాట చాలు, నీ కాళ్లు పట్టుకుంటాను." ఆమె ఫోన్ పెట్టేసింది.

మిట్టమధ్యాహ్నం వచ్చాడు. చెప్పులు విడవకుండానే కుర్చీలో కూలబడ్డాడు. మొహం మాడిపోయి ఉంది. "ఏం జరిగిందో అడగవా?" అన్నాడు.

"అడగను. మీరూ చెప్పకండి."

ఆ నెల పత్రికలో ఆయన పేజీ రాలేదు. తర్వాతి నెలా రాలేదు. ఆడపడుచు ఫోన్ చేసింది.

"వదినా, అన్నయ్య రాయటం మానేశాడట. ఏమైంది?"

"మీ అన్నయ్యనే అడుగు."

"అడిగాను. మీ వదిన్నడుగు అన్నాడు."

అవతలి గదిలో ఆయన కదలకుండా కూర్చుని ఉన్నాడు. ఆమె గొంతు తగ్గించలేదు.

"ఆయన బదులు నేను చెప్పను. ఇవాళ చెప్పను, నీ ఎదురుగా కూర్చున్నా చెప్పను, నేను చావబోతుంటే వచ్చి అడిగినా చెప్పను. ఇంకేదైనా ఉంటే మాట్లాడు."