తాళం పడిన అంకె

నేను ఒక కొలత బిళ్లను. అగ్గిపెట్టె కన్నా చిన్న ప్లాస్టిక్ డబ్బా, లోపల తెల్లటి పలుకు. ఎక్స్‌రే కిరణాలు తగిలిన కొద్దీ ఆ పలుకు వాటి జాడ దాచుకుంటుంది. నన్ను తయారుచేసిన ప్రయోగశాలవాళ్లు "ఒంటి మీద పెట్టుకోవాలి" అని కాగితం జతచేసి మరీ పంపారు. విమానాశ్రయంలో దాన్ని ఎవరూ చదివిన పాపాన పోలేదు.

నా మీద రాసిన పేరు పైడితల్లిది. ప్రయాణికులను ఆపాదమస్తకం తనిఖీ చేసే ఎక్స్‌రే యంత్రం పక్కన ఆమె నిలబడేది. నేను మాత్రం సూపర్‌వైజరు జోగారావు సొరుగులో పడి ఉండేదాన్ని. బిళ్ల పోతే పైవాళ్లకు సంజాయిషీ రాసుకోవాలి. అందుకని ఆయన అందరి బిళ్లలూ సొరుగులో పెట్టి తాళం వేసేవాడు. మూడు నెలలకోసారి పరీక్షకు పంపితే "సున్నా" అని జవాబు వచ్చేది. ఆయన బల్లకు కిరణాలు తగలలేదని దాని అర్థం.

ఆ జవాబు ఈమెయిల్లో వచ్చేది, అదీ ఎవరికీ అర్థం కాని సంకేతాలుగా మార్చి, తాళం వేసి. మూసే తాళంచెవి పంపేవాళ్ల దగ్గర, తెరిచేది జోగారావు కంప్యూటర్లో మాత్రమే. మధ్యలో ఎవరి కంటా పడకూడదట. బట్టల చాటున ఏముందో చూసేసే చోట, ఒక్క అంకెకు ఇన్ని పరదాలా! నాకు ఒళ్లు మండేది.

రెండుసార్లు కడుపు నిలవని పైడితల్లికి మూడోసారి నెల తప్పింది. పని వేరే చోటికి మార్చమంటే జోగారావు తెర మీద సున్నా చూపించి, అదే అచ్చువేసిన కాగితం ముందుకు తోశాడు.

"సున్నా ఏటి సార్! ఆ బిళ్ల మీ సొరుగులోనే ఉండీది కదా."

"పేరు నీదే కదమ్మా. చూశానని సంతకం పెట్టు."

ఆమె పెట్టలేదు. ఆయన దగ్గర నన్ను అడిగి తీసుకుని కడుపు మీద తగిలించుకుంది. ఆ మూడు నెలలే నేను నా పని చేశాను. లోపలి బిడ్డ కదలిక కూడా నాకు తెలిసేది. అంకె చిన్నదే అయ్యుండొచ్చు. చిన్నదేనని ఎవరైనా చూసి చెబితే చాలు ఆమెకు.

నన్ను పరీక్షకు పంపారు, నేను తిరిగి వచ్చాను, జవాబూ వచ్చింది. ఆలోగా ఆఫీసులో జోగారావు పాత కంప్యూటర్ తీసేశారు, తెరిచే తాళంచెవి దానితోపాటే పోయింది. మళ్లీ పంపమంటే ఆ తాళంచెవి ఎలా పోయిందో సంజాయిషీ రాయాలి. జోగారావు ఫైల్లో "అందినది" అని రాసి ఊరుకున్నాడు. ఆమె ప్రయోగశాలకు ఫోన్ చేస్తే, మీ అధికారికి తప్ప చెప్పకూడదన్నారు.

"ఎంతొచ్చింది సార్?"

"తెరుచుకోవట్లేదమ్మా. ఏం కాదులే, వెళ్లి నిలబడు."

ఆమె నన్ను అరచేతిలో పెట్టుకుంది. "నువ్వయినా సెప్పవే," అంది. ఏం చెప్పను? నన్ను చదవాలంటే వేడి చెయ్యాలి, వేడికి నేను దాచుకున్నదంతా చెరిగిపోతుంది. నా దగ్గర ఇంకేమీ మిగల్లేదు.

ఆ సాయంత్రం ఆమె పాత సున్నా కాగితం అడిగి తెప్పించుకుని సంతకం పెట్టింది. దాన్నయినా ఆమె చదవగలిగింది.