పదకొండు జతల పళ్ళు

వృద్ధుల వార్డులో డ్యూటీ మారే వేళకి నర్సుల గదిలో కాఫీ కాగేది. ఆ కాఫీకి కప్పు ఉన్నవాళ్ళే మనవాళ్ళు. ఆ వారం ఆయా ల్యూబింకా కప్పు అలమారులో బోర్లించి ఉంది. బోర్లించింది హెడ్ నర్సు వెరిత్సా. కారణం ల్యూబింకా అడిగిన ఒక్క మాట: "ఏడో మంచం తాతకి ఆయన పళ్ళు ఇచ్చేద్దామా అక్కా?"

కిందటేడు ఎవరివో కట్టుడు పళ్ళు దుప్పట్లతో పాటు లాండ్రీకి పోయాయి. ఆ ముసలాయన కొడుకు వచ్చి నానా యాగీ చేశాడు. అప్పటినుంచి వార్డులో చేరిన వాళ్ళందరి పళ్ళూ తీయించి, పేరు రాసిన ప్లాస్టరు చుట్టి, బిస్కెట్ల డబ్బాలో వేసి, అలమారు కింది అరలో పెట్టి వెరిత్సా తాళం వేసేది. పళ్ళు లేకపోతే ఏం, జావ ఉందిగా అనేది. ఆ అలమారు తలుపు మీదే రాజధాని బెల్‌గ్రేడ్ నుంచి వచ్చిన పోస్టరు ఉంది: 'ప్రతి రోగినీ మనిషిగా చూద్దాం'. శిక్షణకి వెళ్ళొచ్చిన నర్సు మిలెనా అంటించింది. పది రోజుల కిందట పళ్ళన్నీ ఒకే బేసినులో వేసి కడిగింది కూడా ఆ మిలెనాయే. ప్లాస్టర్లు ఊడిపోయాయి. ఎవరివి ఏవో తెలియలేదు. సంగతి బయటికి పొక్కకూడదని కాఫీ తాగుతూ అందరూ అనుకున్నారు. ఆ రోజు ల్యూబింకా కూడా కప్పు చేత్తో పట్టుకునే సరేనంది.

ఏడో మంచం దోబ్రివోయె తాత రైలు గేటు దగ్గర నలభై ఏళ్ళు పనిచేసిన మనిషి. వచ్చిన న్యుమోనియా తగ్గింది. కానీ బోసినోరు పరాయివాళ్ళ ముందు తెరవాలంటే ఆయనకి తల కొట్టేసినట్టుండేది. కిందటి గురువారం డాక్టర్ స్తోయ్‌కొవిచ్ రౌండ్స్‌కి వచ్చి ఇది ఏ సంవత్సరం, నువ్వెక్కడున్నావు అని అడిగితే, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగాడు. కేసు షీటులో 'మతి స్థిమితం లేదు' అని పడింది. ఈ గురువారమూ అంతే అయితే ఇంటికి కాదు, కొండ అవతల తాళాలు వేసి ఉంచే ఆశ్రమానికి పంపుతారు. కాగితం సిద్ధంగా ఉంది. సంతకమే తరువాయి.

ఇదంతా ల్యూబింకా చెప్పబోతే వెరిత్సా తలెత్తి చూడలేదు. "నీకు తాతలు లేరా, మా తాతల మీద పడ్డావు?" అంది. మిలెనా మాత్రం దగ్గరికొచ్చింది. "డబ్బా తెరిస్తే ముందు నా ఉద్యోగం పోతుంది, ఆ వెంటనే నీది. వాళ్ళ నోళ్ళు మూతబడి ఉంటేనే మనకి మంచిది."

ఆ పూటనుంచి బరువైన రోగులంతా ల్యూబింకా వాటాకే వచ్చారు. మంచం మీద పక్కకి తిప్పాలంటే ఇంకో చెయ్యి వేసేవాళ్ళు లేరు. ఆమె గదిలోకి అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి.

తాళం చెవి వెరిత్సా కోటు జేబులో ఉంటుంది. ఆ కోటు ఎక్కడ తగిలిస్తుందో ల్యూబింకాకి పన్నెండేళ్ళుగా తెలుసు. గురువారం డాక్టరు ఏడో మంచం దగ్గర నిలబడేసరికి ఆమె డబ్బాతో వచ్చింది. దుప్పటి మీద తువ్వాలు పరిచి, పదకొండు జతలూ వరసగా పెట్టింది. ఇదేం సంత అని డాక్టరు విసుక్కున్నాడు.

"నీవి ఏవో చూసుకో తాతా," అంది ల్యూబింకా.

వెరిత్సా ఆమె చెవి దగ్గర, "నీ పని అయిపోయిందే," అంది.

తాత తొందరపడలేదు. ఒక్కో జతనీ వేలితో పక్కకి జరుపుతూ పోయాడు. ఆరో జత దగ్గర ఆగి, పంటి మీది చిన్న నొక్కుని గోటితో చూపించాడు. తలగడ పక్కనున్న తన పొగాకు పైపు తీసి ఆ నొక్కులో పెట్టాడు. అచ్చంగా సరిపోయింది. అప్పుడు గ్లాసు నీళ్ళతో పళ్ళు కడిగి, గోడ వైపు తిరిగి పెట్టుకుని, ఇటు తిరిగాడు.

"ఇవాళ గురువారం. నేనున్నది ఆసుపత్రిలో. తొమ్మిది నలభై బండి ఇప్పుడే కూతేసి పోయింది, ఆరు నిమిషాలు ఆలస్యం. ఏ సంవత్సరమో అడిగే ముందు నా పళ్ళేవని అడగాల్సింది డాక్టరుగారూ."

డాక్టరు కేసు షీటులో ఆ ముక్క కొట్టేశాడు. మిగతావి ఎవరివని అడిగాడు. ప్లాస్టర్లు ఊడి పదిరోజులైందని, తనకీ తెలుసని ల్యూబింకా చెప్పింది. తెలిసిన వాళ్ళందరి పేర్లూ ఆయన రాసుకున్నాడు. మొదటి పేరు ఆమెదే.

ఆయన వెళ్ళగానే వెరిత్సా డబ్బా ఆమె పొట్టకి ఆనేలా నెట్టింది. "తెరిచింది నువ్వు, పంచేదీ నువ్వే."

ల్యూబింకా ఒక్కతే మంచం మంచానికీ తిరిగింది. కడగడం, చూపించడం, మళ్ళీ కడగడం. సాయంత్రానికి మిగిలిన పదింటిలో తొమ్మిది జతలు నోళ్ళకి చేరాయి. పదోది ఎవరికీ పట్టలేదు. అది మూడో మంచం ముసలమ్మది. ఆదివారం పోయింది. బోసినోటితోనే పాతిపెట్టారు.

ఆ జతని గుడ్డలో చుట్టి జేబులో వేసుకుని ఆమె నర్సుల గదికి వెళ్ళింది. కాఫీ కాగుతోంది. తన కప్పు అలమారులో లేదు, చెత్తబుట్టలో ఉంది. ఎవరివైపూ చూడకుండా తీసి కడిగి, నీళ్ళు పట్టింది. ఏడో మంచం తాత రొట్టె అంచు కొరుకుతూ మంచినీళ్ళు అడిగి చాలాసేపయింది.